రికెట్స్ గ్లెన్ జలపాతాల లూప్: పెద్దవాళ్ళతో, పాపతో వెళ్ళేవారికి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. కొలంబస్ డే వీకెండ్ శనివారం న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి పెన్సిల్వేనియాలోని రికెట్స్ గ్లెన్ స్టేట్ పార్కుకు బయల్దేరుతున్నారు. మీరిద్దరూ, ఏడేళ్ళ పాప, గుంటూరు నుంచి వచ్చిన మీ అమ్మానాన్నలు, మొత్తం ఐదుగురు. నాన్నగారికి మోకాళ్ళ నొప్పి, అమ్మగారికి షుగరు. చిన్న లూప్ (బయల్దేరిన చోటికే చుట్టి వచ్చే నడకదారి) 3.2 మైళ్ళే కాబట్టి మెల్లగా నడిస్తే అందరూ చేయొచ్చా, మామూలు స్పోర్ట్స్ షూస్ చాలవా అని అడిగారు.

మీరిద్దరూ, పాపా చేయొచ్చు. నాన్నగారిని మాత్రం ఆ లూప్‌లోకి దింపకండి. ఆయనకు అదే పార్కులో వేరే చోటు ఉంది, కింద చెప్తాను. ఇక బూట్లు కొత్తవా పాతవా అన్నది కాదు, అడుగున గాడులున్నాయా లేదా అన్నదే చూడాలి.

3.2 మైళ్ళన్న అంకె చాలామందిని మోసం చేస్తుంది. పేటలో వాకింగ్‌కు వెళ్ళేవాళ్ళు రోజూ అంతకంటే ఎక్కువే నడుస్తారు. ఇక్కడ మాత్రం సుమారు ఒక మైలు రాతి మెట్లు దిగి, మరో మైలు రాతి మెట్లు ఎక్కాలి. మిగిలిన 1.2 మైళ్ళు పైన దాదాపు చదునుగా ఉండే దారి. ఆ మెట్లు కూడా మన తిరుమల మెట్లలా కొలిచి కట్టినవి కావు. గెటిస్‌బర్గ్ యుద్ధంలో ఫిరంగి దళాన్ని నడిపిన కల్నల్ రాబర్ట్ బ్రూస్ రికెట్స్‌కు ఈ అడవంతా సొంత ఆస్తిగా ఉండేది. 1889 నుంచి 1893 వరకు ఆరుగురు పనివాళ్ళ బృందంతో ఆయన ఈ దారి వేయించాడు. అక్కడ దొరికిన బండల్నే పేర్చి మెట్లు చేశారు. తర్వాత మరమ్మతులు జరిగినా తీరు మారలేదు. ఒక మెట్టు ఆరంగుళాలుంటే పక్కది పద్నాలుగు అంగుళాలుంటుంది. ఒకటి ఎదరకు వాలి ఉంటుంది, ఇంకొకటి వాగువైపు వాలి ఉంటుంది. పాదం ఒక లయకు అలవాటు పడేలోపే లయ తప్పుతుంది. జారేవాళ్ళలో ఎక్కువమంది జారేది అలా లయ తప్పిన చోటే.

జారుడు ఎక్కడి నుంచి వస్తుందో కూడా తెలుసుకోండి. ఇక్కడి కొండ గట్టి ఇసుకరాయీ మెత్తటి షేలూ పొరలు పొరలుగా పేరుకున్నది. కిచెన్ క్రీక్ వాగు మెత్తటి పొరను తొలిచేసి గట్టి పొరను అంచులా మిగిల్చింది. జలపాతాలు ఇన్ని ఉండడానికి అదే కారణం. మంచుయుగంలో హిమానీనదాలు చుట్టుపక్కల నీటి పారుదలను మార్చి ఈ వాగుకు ఎక్కువ నీళ్ళు మళ్ళించడం కూడా తోడైంది. మెట్లకు వాడినదీ ఆ రాయే. దానిమీద నీటి తుంపర పడుతూ ఉంటుంది, వాగు పారే ఇరుకు కనుమలోకి (గ్లెన్ అంటే అదే) ఎండ పెద్దగా దిగదు, అందుకని సన్నటి పాచి పడుతుంది. పచ్చగా కనిపించే పాచిని అందరూ తప్పించుకుంటారు. నల్లగా నిగనిగలాడుతూ మామూలు తడిలా కనిపించే పొరే ప్రమాదం. అక్టోబరులో దానిమీద తడి ఆకులు కూడా పరుచుకుంటాయి. మెట్టు అంచు ఎక్కడుందో కనిపించదు. ఆకుల మీద కాలు వేయాల్సి వస్తే ముందు బూటు కొసతో ఆకుల్ని పక్కకు నెట్టి, రాయి కనిపించాకే బరువు వేయండి.

అడవి ఆకారం మనసులో పెట్టుకుంటే దారి తప్పరు. ఇంగ్లీషు అక్షరం వైని ఊహించుకోండి. పై రెండు కొమ్మల్లో పడమటిది గనోగా గ్లెన్, తూర్పుది గ్లెన్ లీ. రెండు వాగులూ కలిసే చోటు వాటర్స్ మీట్. అక్కడి నుంచి కాండం దక్షిణంగా రూట్ 118 వరకు దిగుతుంది. పైన రెండు కొమ్మల కొసల్ని కలుపుతూ అడ్డంగా వెళ్ళేది హైలాండ్ ట్రెయిల్. పై త్రికోణం చుట్టి వస్తే 3.2 మైళ్ళు, 18 జలపాతాలు. కింద రూట్ 118 నుంచి మొదలుపెట్టి కాండం ఎక్కి, త్రికోణం చుట్టి, మళ్ళీ కాండం దిగితే 7.2 మైళ్ళు, దారిలో 21 జలపాతాలు. రోడ్డు పక్కనే ఉన్న ఆడమ్స్ ఫాల్స్ కలిపితే 22. పెద్ద లూప్‌లో ఎక్కుడు సుమారు వెయ్యి అడుగులు. మీ బృందానికి పెద్దది వద్దు.

చిన్న లూప్‌కు బండి పెట్టాల్సింది లేక్ రోజ్ పార్కింగ్‌లో. పేరులో లేక్ ఉంది కదా అని చెరువు కోసం వెతక్కండి, ఎప్పుడో ఆనకట్ట తీసేశారు, ఇప్పుడు చెరువు లేదు. ఈత కొట్టే బీచీ, పిక్నిక్ బల్లలూ ఉన్న 245 ఎకరాల చెరువు లేక్ జీన్. ఫోన్‌లో పార్కు పేరు మాత్రమే కొడితే పార్కు ఆఫీసుకో, కింద రూట్ 118 దగ్గరకో తీసుకెళ్ళొచ్చు. లేక్ రోజ్ ట్రెయిల్‌హెడ్ అని కొట్టండి. ఆకులు రంగు మారే వారాంతాల్లో ఆ పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుంది, కొలంబస్ డే అయితే చెప్పక్కర్లేదు. ఏడున్నరకల్లా అక్కడ ఉండాలంటే ఎడిసన్‌లో నాలుగున్నరకు బండి తీయాలి. దూరం దాదాపు 150 మైళ్ళు, ఆగకుండా వెళ్ళినా రెండున్నర నుంచి మూడు గంటలు. స్థలం దొరక్కపోతే లేక్ జీన్ బీచ్ పార్కింగ్‌లో పెట్టి నడిచి రావచ్చు. రోడ్డు పక్కన గడ్డిలో పెట్టేసి రాకండి. ఒక రోజు సెలవు పెట్టి మంగళవారమో బుధవారమో వెళ్ళగలిగితే ఈ తొందర ఏదీ ఉండదు, ఇరుకు మెట్ల మీద ఎదురొచ్చేవాళ్ళూ తక్కువ ఉంటారు. వీలుంటే అదే చేయండి.

రోడ్డు గురించి ఒక మాట. కింద రెడ్ రాక్ అనే ఊరి నుంచి పైన లేక్ జీన్ ప్రవేశం వరకు రూట్ 487 చాలా నిటారు. బరువైన ట్రెయిలర్లు ఆ దారిన రావద్దని, డుషోర్ అనే ఊరి వైపు నుంచి చుట్టి రమ్మని పార్కువాళ్ళే చెప్తారు. ఐదుగురున్న మినీవ్యాన్‌కు ఎక్కడంలో ఇబ్బంది ఉండదు. దిగేటప్పుడు మాత్రం బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచకుండా గేరు తగ్గించి దిగండి, లేకపోతే బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గుతుంది. పెట్రోలు ముందే నింపుకోండి. పార్కులోకి ప్రవేశ రుసుము లేదు. మద్యం మాత్రం పార్కులో నిషేధం.

ఇక ఏ దిక్కున తిరగాలి. గనోగా గ్లెన్ దిగి, గ్లెన్ లీ ఎక్కండి. మ్యాపు మీద చూస్తే గడియారం ముల్లుకు ఎదురు దిశ. గ్లెన్ లీ కనుమ ఇరుకు, మెట్లు నీటికి మరీ దగ్గర, తుంపర ఎక్కువ. తడి మెట్టు ఎక్కేటప్పుడు ఒళ్ళు ముందుకు వంగి ఉంటుంది, చేతులు రాతికి అందుతాయి, జారినా మోకాలు గీసుకుపోవడంతో సరిపోతుంది. దిగేటప్పుడు బరువంతా మడమ మీద పడుతుంది, జారితే వెనక్కి పడి నడుమో తలో తగులుతుంది. కాబట్టి కష్టమైన కనుమను ఎక్కడానికి ఉంచుకోవాలి. ఇంకో లాభం కూడా ఉంది. అన్నిటికంటే పెద్దదైన 94 అడుగుల గనోగా ఫాల్స్ దిగేదారిలో నాలుగోదిగా వస్తుంది. కాళ్ళు ఇంకా తాజాగా ఉండగానే దాన్ని చూసేస్తారు, ఆ తర్వాత వెనక్కి రావాల్సి వచ్చినా ప్రయాణం వృథా అయినట్టు అనిపించదు. వెళ్ళిన రోజు ట్రెయిల్‌హెడ్ బోర్డు మీద మూసివేతో, దారి మళ్ళింపో రాసి ఉంటే దాన్నే పాటించండి, నేను చెప్పింది పక్కన పెట్టండి.

దిగేటప్పుడు వరసగా మోహాక్, ఒనైడా, కయూగా, గనోగా, సెనెకా, డెలావేర్, మోహికన్, కోనెస్టోగా, టస్కరోరా, ఈరీ వస్తాయి. చాలా పేర్లు అమెరికా మూలవాసుల తెగలవి, కొన్ని రికెట్స్ కుటుంబానివీ మిత్రులవీ. ప్రతి జలపాతం దగ్గరా పేరు రాసిన బోర్డు ఉంటుంది. పాపను వాటిని చదువుతూ లెక్కపెట్టమనండి, నడక విసుగు పుట్టదు. అంతకంటే ముఖ్యమైన ఉపయోగం ఒకటుంది. కనుమలో ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోలేం. ఎవరికైనా కాలు మడత పడి, ఒకరు పైకి వెళ్ళి 911కు ఫోన్ చేయాల్సి వస్తే “అడవిలో ఎక్కడో” అంటే ప్రయోజనం లేదు. “గనోగా గ్లెన్‌లో మోహికన్ ఫాల్స్‌కు కొంచెం కింద” అనగలగాలి. ప్రతి బోర్డూ ఫొటో తీసుకోండి, సమయంతో సహా ఫోన్‌లో ఉంటుంది. అక్కడ కాలు విరిగితే మనిషిని స్ట్రెచర్ మీద మెట్ల వెంట చేతులతో మోసుకుని పైకి తేవాలి, గంటలు పడుతుంది. ఈ దారిలో జాగ్రత్త గురించి ఇంత గట్టిగా చెప్తున్నది అందుకే.

గనోగా దగ్గర ఐదు నిమిషాలు ఆగి అందరి కాళ్ళూ చూడండి. నిలబడి ఉండగా తొడలు వణుకుతున్నా, పాప “ఇంకా ఎంత” అని మళ్ళీ మళ్ళీ అడుగుతున్నా అక్కడి నుంచే వెనక్కి తిరగండి. మూడు జలపాతాల దూరమే ఎక్కాలి. ఇంకా కిందికి పోయేకొద్దీ వెనక్కి తిరగడం ఖరీదవుతుంది. వాటర్స్ మీట్ చేరాక ఇక ఏ వైపు వెళ్ళినా మైలు పొడవునా ఎక్కాల్సిందే. అడ్డదారి లేదు, బండి వచ్చే రోడ్డు లేదు. అక్కడ నీళ్ళు తాగి, తినేది తిని, ఇరవై నిమిషాలు కూర్చోండి. రాత్రి వాన పడి గ్లెన్ లీ వైపు వాగు ఉధృతంగా ఉంటే, లేదా వాన అప్పుడే మొదలైతే, వచ్చిన గనోగా గ్లెన్ మీదుగానే పైకి వెళ్ళిపోండి. తెలిసిన మెట్లు తెలియని మెట్ల కంటే మేలు.

గ్లెన్ లీ ఎక్కేటప్పుడు వయన్‌డాట్, బి. రెనాల్డ్స్, ఆర్. బి. రికెట్స్, ఓజోన్, హ్యూరన్, షానీ, ఎఫ్. ఎల్. రికెట్స్, ఒనొండాగా, మొత్తం ఎనిమిది. ఓజోన్ అరవై అడుగులు, ఈ వైపు పెద్దది అదే. ఒనొండాగా దాటాక కనుమ అయిపోయి అడవి విప్పారుతుంది. అక్కడ ఎడమకు తిరిగి హైలాండ్ ట్రెయిల్ పట్టుకోవాలి. ఊపులో నేరుగా సాగిపోతే వేరే దారుల్లో పడతారు. అలసట వల్ల బోర్డు చూడకుండా దాటేయడం ఇక్కడ తరచుగా జరుగుతుంది, పాపకు ముందే చెప్పి పెట్టండి, పెద్దల కంటే పిల్లల కళ్ళు బోర్డుల్ని బాగా పట్టుకుంటాయి. హైలాండ్ ట్రెయిల్ మధ్యలో మిడ్‌వే క్రెవాస్ అని, పెద్ద పెద్ద రాతి దిమ్మెల నడుమ సన్నటి సందు వస్తుంది. ఆ రాళ్ళలో గులకరాళ్ళు అతుక్కుని ఉంటాయి, చేత్తో తడిమి చూడదగినవి. అయితే చెయ్యి కనిపించని పగుళ్ళలోకి పోనివ్వకండి. ఈ ప్రాంతంలో టింబర్ రాటిల్‌స్నేక్ అనే విషసర్పం ఉంది, రాతి సందులంటే దానికి ఇష్టం. దాని దారిన దాన్ని వదిలేస్తే అది మన జోలికి రాదు.

లూప్ మొత్తానికి పాపతో కలిపి మూడున్నర నుంచి నాలుగు గంటలు వేసుకోండి. పెద్దవాళ్ళే అయితే రెండున్నర, మూడు చాలు. అక్టోబరు మధ్యలో అక్కడ సూర్యాస్తమయం సాయంత్రం ఆరు ఇరవై ప్రాంతం. కనుమలో అంతకు గంట ముందే చీకటి పడినట్టుంటుంది. మధ్యాహ్నం రెండు దాటాక లూప్ మొదలుపెట్టకూడదు. పొద్దున్నే వెళ్ళినా మనిషికో హెడ్‌ల్యాంప్ సంచిలో ఉండాలి. ఫోన్ టార్చితో మెట్లు ఎక్కితే ఒక చెయ్యి దానికే సరిపోతుంది, పైగా బ్యాటరీ అయిపోతుంది.

బూట్ల సంగతి. మీ స్పోర్ట్స్ షూస్ తిరగేసి చూడండి. అడుగున గాడులు లోతుగా, రబ్బరు గోరుతో నొక్కితే కాస్త లొంగేలా ఉంటే పొడి రోజున సరిపోతాయి. జిమ్ షూస్ అడుగు చదునుగా, గట్టిగా ఉంటుంది, తడి రాతి మీద నిలవదు. రెండేళ్ళు రోడ్డు మీద తొక్కిన రన్నింగ్ షూస్ కూడా అంతే. క్రాక్స్, చెప్పులు, వెనక పట్టీ లేని శాండిల్స్ వద్దేవద్దు. కొనేట్టయితే చీలమండ వరకు వచ్చే హైకింగ్ బూట్లు తీసుకోండి. సాయంత్రం పూట, ఉన్ని సాక్సు వేసుకుని కొలత చూడండి, ఆ వేళకు పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. దిగేటప్పుడు వేళ్ళు ముందుకు గుద్దుకుంటాయి కాబట్టి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. కొత్త బూట్లు నేరుగా ట్రెయిల్ మీదికి తీసుకురాకుండా రెండు వారాలు పేటలో తొక్కండి. నడకకు రెండు రోజుల ముందు కాలిగోళ్ళు తీసుకోండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ, మైలు దిగుడు తర్వాత నల్లబడేవి ఎక్కువగా పెరిగిన గోళ్ళే.

నడిచే పద్ధతి పాపకు కూడా నేర్పండి. దిగేటప్పుడు అడుగు చిన్నది, పాదం మొత్తం ఒకేసారి ఆనాలి, మోకాలు కొంచెం వంగి ఉండాలి. ఎత్తు మెట్టు వస్తే పక్కకు తిరిగి, కొండవైపు చెయ్యి రాతికి ఆనించి దిగాలి. మెట్టు అంచు మీద కాకుండా లోపలివైపు కాలు వేయాలి. నడుస్తూ జలపాతం వైపు చూడకూడదు, చూడాలంటే ఆగాలి. ఇది ఒక్కటి పాటించినా సగం ప్రమాదాలు తప్పుతాయని నా నమ్మకం. పాప ఎప్పుడూ కొండవైపే నడవాలి, పెద్దవాళ్ళు వాగువైపు ఉండాలి. దిగేటప్పుడు ఒకరు పాపకు ఒక మెట్టు కింద ఉండాలి. చెయ్యి పట్టుకుని పక్కపక్కన దిగడం కంటే ఇది మంచిది, చెయ్యి పట్టుకుంటే ఒకరు జారితే ఇద్దరూ పడతారు. ఎదురొచ్చేవాళ్ళకు దారి ఇచ్చేటప్పుడు మీరు కొండవైపుకే ఒదగండి.

హైకింగ్ పోల్స్ (నడకకు ఊతకర్రలు) ఉంటే మోకాళ్ళకు మేలు. చదును మీద నిలబడి పట్టుకుంటే మోచెయ్యి సమకోణంలో వంగాలి. దిగేటప్పుడు రెండు మూడు అంగుళాలు పొడవు పెంచండి, ఎక్కేటప్పుడు అంతే తగ్గించండి. చేతిపట్టీ మణికట్టుకు బిగించి ఉంచొద్దు, పడితే పోల్ చిక్కుకుని మణికట్టు మెలితిరుగుతుంది. మెట్లు మరీ ఇరుకైన చోట పోల్స్ మడిచి సంచిలో పెట్టేయండి. అక్కడ రెండు చేతులూ ఖాళీగా ఉండడమే ముఖ్యం. గొడుగు వద్దు, టోపీ ఉన్న రెయిన్ జాకెట్ తీసుకోండి. స్ట్రోలర్ గురించి ఆలోచించే పనే లేదు.

జీన్స్ వద్దనడానికి కారణం ఫ్యాషన్ కాదు. కాటన్ తడిస్తే ఆరదు, పైన పీఠభూమి మీద గాలి న్యూజెర్సీ కంటే చల్లన, తడి బట్టలతో కూర్చుంటే అవి ఒంట్లో వేడిని లాగేస్తాయి. సింథటిక్ ప్యాంటు, లోపల పలుచటి చొక్కా, పైన ఫ్లీస్, ఆ పైన రెయిన్ జాకెట్. ఎక్కేటప్పుడు ఫ్లీస్ తీసేయండి, ఆగినప్పుడు వేసుకోండి.

నీళ్ళు పెద్దవాళ్ళకు తలా లీటరు, పాపకు అర లీటరుకు పైన. వేసవిలో అయితే దీనికి ఒకటిన్నర రెట్లు. వాగు ఎంత తేటగా ఉన్నా తాగకండి, జియార్డియా అనే పరాన్నజీవి వల్ల వారాల తరబడి విరేచనాలు పట్టుకోవచ్చు. తిండికి పులిహోరను మించింది లేదు, చేత్తో కాకుండా చెంచాతో తినేలా చిన్న డబ్బాల్లో కట్టుకోండి. వేరుశనగ చిక్కీ, ఖర్జూరం దారిలో నమలడానికి బాగుంటాయి. ట్రెయిల్ మీద చెత్తబుట్టలు ఉండవు. అరటితొక్క, కమలాతొక్క కూడా మట్టిలో కలిసిపోతుందిలే అని విసిరేయొద్దు, నెలలు పడుతుంది, ఈలోగా జంతువులు దారి పక్కకు రావడానికి అలవాటు పడతాయి. నల్ల ఎలుగుబంట్లు ఉన్న అడవి ఇది. పిక్నిక్ బల్ల మీద తిండి వదిలి పక్కకు పోకండి. బాత్రూమ్ పని బండి దగ్గరే ముగించుకుని దిగండి, కనుమలో ఆ సౌకర్యం లేదు.

పేలలాగా కరిచే టిక్స్ గురించి ఇండియా నుంచి వచ్చినవాళ్ళకు తెలియకపోవచ్చు. లైమ్ వ్యాధి కేసులు ఎక్కువగా నమోదయ్యే రాష్ట్రాల్లో పెన్సిల్వేనియా ఒకటి, దాన్ని మోసే నల్లకాళ్ళ టిక్ పెద్దవి చలికాలం ముందు, అంటే సరిగ్గా అక్టోబరులో చురుగ్గా ఉంటాయి. ప్యాంటు కొసలు సాక్సులో దోపండి. బట్టలకు ముందురోజు పెర్మెత్రిన్ అనే పురుగుల మందు కొట్టి ఆరబెట్టండి, అది చర్మానికి రాసేది కాదు. చర్మానికి పురుగుల్ని దూరంగా ఉంచే డీట్ గానీ పికారిడిన్ గానీ ఉన్న మందు వాడండి. ఇంటికి రాగానే అందరూ స్నానం చేసి చంకలు, గజ్జలు, మోకాలి వెనక, చెవుల వెనక, జుట్టు మొదళ్ళు చూసుకోవాలి. కనిపిస్తే సన్నమొన ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగండి. నూనె పోయడం, అగ్గిపుల్ల పెట్టడం వద్దు. లైమ్ క్రిములు ఎక్కడానికి సాధారణంగా ఒక రోజు పైనే పడుతుంది, కాబట్టి ఆ రాత్రే తీసేస్తే భయం చాలావరకు తగ్గుతుంది. తర్వాత వారాల్లో జ్వరమో, విస్తరిస్తున్న ఎర్రటి మచ్చో కనిపిస్తే డాక్టరుకు టిక్ సంగతి చెప్పండి.

ఇప్పుడు నాన్నగారి సంగతి. మోకాలు నొప్పి ఉన్నవాళ్ళకు ఎక్కడం కంటే దిగడం కష్టం, ఈ లూప్ మొదలవడమే దిగుడుతో మొదలవుతుంది. పైన బాగానే ఉందనిపించి దిగుతారు, నొప్పి కింద బయటపడుతుంది, అప్పుడు ఎక్కక తప్పదు. అందుకే ఆయనకు రూట్ 118 వైపు మంచిది. అక్కడ పార్కింగ్ నుంచి కొద్ది అడుగుల దూరంలోనే 36 అడుగుల ఆడమ్స్ ఫాల్స్ ఉంది. దాన్ని కలుపుకుని ఎవర్‌గ్రీన్ ట్రెయిల్ అని ఒక మైలు లూప్ ఉంది. వేర్లూ రాళ్ళూ ఉంటాయి, అయినా పైన చెప్పిన మెట్ల బాధ లేదు. పైగా అది గొడ్డలి పడని పాత అడవి, హెమ్లాక్, పైన్, ఓక్ చెట్లు మూడు వందల ఏళ్ళ పైబడినవి ఉన్నాయి. ఈ గ్లెన్స్ ప్రాంతాన్ని 1969లో జాతీయ సహజ చిహ్నంగా ప్రకటించారు. జలపాతాల లెక్క తప్పిందని ఆయన చింతపడక్కర్లేదు, ఆ చెట్ల కింద గంట నడవడం పై లూప్‌కు ఏమాత్రం తీసిపోదు. జలపాతం అంచున ఉన్న బండల మీదికి మాత్రం ఎవరూ వెళ్ళొద్దు. నీళ్ళలో దిగడం, ఈత ఏ జలపాతం దగ్గరా అనుమతి లేదు.

అమ్మగారు లూప్‌కు వస్తారో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. మీ అపార్ట్‌మెంట్‌లో మూడంతస్తుల మెట్లు రెయిలింగ్ పట్టుకోకుండా పదిసార్లు దిగి ఎక్కమనండి, మధ్యలో ఆగినా పర్వాలేదు. మర్నాడు మోకాళ్ళు, పిక్కలు మామూలుగా ఉంటే రావచ్చు. అనుమానంగా ఉంటే నాన్నగారితోనే ఉండనివ్వండి. వచ్చేట్టయితే చీర వద్దు, దిగేటప్పుడు కుచ్చిళ్ళు కాలికింద పడతాయి, చుడీదారు, బూట్లు. షుగరు మందులు వాడేవారికి ఇంత శ్రమలో షుగరు పడిపోవచ్చు. టిఫిన్ మానిపించకండి, గంటకోసారి ఏదైనా తినిపించండి, గ్లూకోజ్ బిళ్ళలు మీ జేబులోనే ఉండాలి గానీ సంచి అడుగున కాదు. మోతాదు గురించి వెళ్ళేముందు ఆవిడ డాక్టరును అడగండి. విజిటర్స్ ఇన్సూరెన్స్ కార్డు ఫొటో ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకోండి.

ఒక్క బండితో ఇదంతా ఎలా అంటే, ఒకరు పాపతో ఏడున్నరకు లేక్ రోజ్ దగ్గర దిగి లూప్ మొదలుపెట్టాలి. రెండోవారు అమ్మానాన్నల్ని లేక్ జీన్ ఒడ్డుకు తీసుకెళ్ళి టిఫిన్ పెట్టి, ఎండ వచ్చాక కిందికి దిగి ఆడమ్స్ ఫాల్స్, ఎవర్‌గ్రీన్ చూపించి, పన్నెండుకు మళ్ళీ లేక్ రోజ్‌కు రావాలి. ఫోన్లు పనిచేయవని అనుకునే ప్లాను వేయండి. “పన్నెండుకు కలుద్దాం, ఒంటిగంట దాకా రాకపోతే పార్కు ఆఫీసుకు చెప్తాను” అని ముందే అనుకోండి. మ్యాపు ఫోన్‌లో ఆఫ్‌లైన్‌గా దించుకోవడమే కాక కాగితం మీద కూడా ఉండాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఓపికుంటే రెండోవారు గనోగా ఫాల్స్ వరకు దిగి వెనక్కి రావచ్చు, గంటన్నర పని.

ఫొటోల కోసం ఎండ రోజు కోసం చూడకండి. మబ్బు పట్టిన రోజే నీళ్ళు పట్టుదారాల్లా వస్తాయి, ఎండ చుక్కలు చుక్కలుగా పడితే కెమెరా దేన్నీ సరిగా పట్టుకోలేదు. పోలరైజర్ (నీటి మెరుపు తగ్గించే లెన్స్ ఫిల్టర్) పెట్టి పావు సెకను నుంచి ఒక సెకను షట్టర్ చాలు. ట్రైపాడ్ మెట్ల మధ్య పెట్టి దారి మూయకండి.

వాతావరణం చూసేటప్పుడు ఆ రోజుది ఒక్కటే చూడడం చాలదు, ముందు రెండు రోజుల వాన కూడా చూడండి. నీళ్ళు ఎక్కువ కావాలంటే ఏప్రిల్, మే నెలలు. ఆగస్టు చివర్లో కొన్ని జలపాతాలు సన్నబడిపోతాయి. చలికాలంలో ఈ మెట్లన్నీ మంచుగడ్డలవుతాయి. అప్పుడు క్రాంపాన్స్ (బూట్లకు బిగించే పెద్ద ఇనుప పళ్ళు), మంచు గొడ్డలి, తాడు ఉండి వాడడం వచ్చినవాళ్ళకే అనుమతి. షూ మీద తొడిగే చిన్న స్పైకులతో సరిపెట్టుకుందామని నవంబరు చివర్లోనో మార్చిలోనో మీ మిత్రులెవరైనా పిలిస్తే వెళ్ళకండి. శనివారానికి ముందు గట్టి వాన పడినట్టయితే తేదీ ఒక వారం జరపండి, ఆకుల రంగు కొంచెం తగ్గుతుంది గానీ మెట్లు ఆరతాయి.